జీవితానికి అర్థం ఉద్యోగంలో వెతకాలా, బయట వెతుక్కోవాలా?

నిద్రపట్టనివాడు:
వయసు 36, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పన్నెండేళ్లు. జీతం బాగానే ఉంది, మియాపూర్ ఫ్లాట్ ఈఎంఐ ఇంకా ఎనిమిదేళ్లుంది. పని కష్టమని కాదు, ఆదివారం సాయంత్రం ఐదయ్యేసరికి కడుపులో ఏదో బరువు. నేను టెస్ట్ చేసింది ఎవరు వాడతారో కూడా తెలియదు. మొన్న ఫ్రెండ్ ఇకిగాయ్ (బతకడానికో కారణం అని చెప్పే జపాన్ మాట) బొమ్మ పంపాడు, నాలుగు సున్నాలు ఒకదాని మీద ఒకటి: నచ్చేది, చేతనయ్యేది, లోకానికి కావలసింది, డబ్బొచ్చేది. నాలుగూ కలిసే చోట నాకేమీ కనబడలేదు. మానేసి ఊరెళ్లి వ్యవసాయం చేద్దామనుకుంటున్నా. మా ఆవిడ ససేమిరా అంటోంది.

గోదారిగట్టు:
ముందు ఆ బొమ్మ సంగతి. అది జపాన్ వాళ్లు గీసింది కాదు. స్పెయిన్ ఆయనొకరు గీసిన బొమ్మలో మధ్యన 'పర్పస్' అని ఉంటే, 2014లో ఒక ఇంగ్లీషు బ్లాగరు ఆ మాట తీసి ఇకిగాయ్ అని పెట్టాడు. జపాన్‌లో ఆ మాటకి జీతంతో పని లేదు, పొద్దున్నే మొక్కలకి నీళ్లు పోయడం కూడా ఇకిగాయే. ఉద్యోగం కూటి కోసం, మిగతాది సాయంత్రం ఆరు తర్వాత. మా నాన్నగారు ముప్ఫై ఏళ్లు ఆఫీసులో గుమాస్తా, అక్కడ ఆయన్ని గుర్తుపెట్టుకున్నవాడు లేడు. కానీ చుట్టుపక్కల ఊళ్లలో హరికథలకి మృదంగం వాయించేవారు. పోయినప్పుడు ఇంటికొచ్చిన జనమంతా మృదంగం తాలూకు జనమే.

పాతబావి:
ఆరు తర్వాత అంటున్నారు, హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఆరు తర్వాత ఏం మిగులుతుందండీ? మెలకువగా ఉండే టైములో సగం పైన ఆఫీసుదే, దాన్ని ఖర్చు కింద రాసెయ్యమంటే నేనొప్పుకోను. కంటి డాక్టర్ జి. వెంకటస్వామి గారిని చూడండి, కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయాక మళ్లీ కత్తి పట్టడం నేర్చుకున్నారు, ప్రభుత్వ ఉద్యోగంలో రిటైరయ్యాక 58 ఏళ్ల వయసులో, 1976లో, మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టారు. కట్టగలిగినవాళ్ల ఫీజులతో లేనివాళ్లకి ఉచితంగా ఆపరేషన్లు. అది ఆరు తర్వాత చేసే పనా?

నైట్‌డ్యూటీ:
పాతబావి గారూ, ఆయన గొప్పవారే, కాదనను. నేను నర్సుని. జీతం పెంచమని అడిగిన ప్రతిసారీ "సిస్టర్, మీది సేవ కదా" అన్నారు. ఈ అర్థం, సేవ అనే మాటలు మా నోరు మూయించడానికి పనికొచ్చినంతగా ఇంకెందుకూ పనికిరాలేదు. అయినా అన్నయ్యా, ఆ ఆదివారం బరువు పని వల్ల వచ్చిందా, మేనేజర్ వల్ల వచ్చిందా, నిద్ర లేక వచ్చిందా? నెలల తరబడి ఉంటే రిజైన్ లెటర్ కంటే ముందు డాక్టర్‌కి చూపించుకోండి. డిప్రెషన్ కూడా అచ్చం ఇలాగే మాట్లాడుతుంది.

కాలువకింద రైతు:
తమ్ముడూ, పొలం మనసుకి మందనుకుంటున్నావేమో. నిరుడు కోతల ముందు వాన పడి ధాన్యం రంగు మారింది, తేమ ఎక్కువని తరుగు తీశారు. ఆ రాత్రి నాకు జీవితానికి అర్థం గుర్తు రాలేదు, సొసైటీ అప్పు గుర్తొచ్చింది. మరి ఎందుకు చేస్తున్నావంటే, పొద్దున్నే నేను వెళ్లి తూము దగ్గర చెత్త తీయకపోతే కింద నాలుగు చేలకి నీళ్లందవు. అందులో ఒకాయనతో నాకు మాటల్లేవు, అయినా తీస్తాను. దాన్ని మీ బొమ్మలో ఏ సున్నాలో పెడతారో నాకు తెలీదు.

పాతబావి:
సిస్టర్ గారు చెప్పింది ఒప్పుకుంటున్నా. కానీ జీతం సరిగా ఇవ్వకపోతే తప్పు ఇవ్వనివాళ్లది, పనిది కాదు.

నిద్రపట్టనివాడు:
నిద్ర లేని మాట నిజమే, డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నా. మా సాఫ్ట్‌వేర్ వాడేదెవరని మేనేజర్‌ని అడిగితే "నీకెందుకు" అన్నాడు. రిజైన్ ఇప్పుడు చెయ్యను. రైతు గారూ, వారం సెలవు పెట్టి నాట్లకి వస్తే రానిస్తారా?

కాలువకింద రైతు:
రా. నాట్లు ఆడవాళ్లు వేస్తారు, నీకు నారు కట్టలు మొయ్యడమే. లుంగీ తెచ్చుకో, జీన్స్‌తో బురదలో దిగావంటే అందరూ నవ్వుతారు.