యుకులేలే: నాలుగు కార్డ్స్ దగ్గర ఆగిపోయా, ఇక్కడ్నుంచి ఏ వరసలో నేర్చుకోవాలి?

మారతహళ్ళి_పీజీ_బాబు:

అందరికీ హాయ్. మాది గుంటూరు, జాబ్ వల్ల బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో ఉంటున్నా, ముగ్గురం ఒకే రూమ్, గిటార్ పెట్టుకునే చోటు లేదు కాబట్టి కన్సర్ట్ సైజు యుకులేలే (నాలుగు తీగల చిన్న గిటార్ లాంటిది) కొన్నా. మామూలు లామినేట్‌దే (పలచని చెక్క పొరలు అతికించి చేసింది), ఖరీదైనది కాదు. సి, ఏ మైనర్, ఎఫ్, జి కార్డ్స్ (కొన్ని స్వరాలు ఒకేసారి మోగేలా పట్టే పట్లు) వచ్చేశాయి, ఆ నాలుగిటితో వచ్చే పాటలన్నీ వాయించేస్తున్నా, కానీ రూమ్మేట్ మొన్న ఒక మాట అన్నాడు, "నువ్వు ఏ పాట వాయించినా ఒకే పాటలా ఉంది రా" అని. నిజమే అనిపించింది, ఎందుకంటే నాకు ఒకటే స్ట్రమ్మింగ్ (తీగలన్నీ కలిపి కొట్టే పద్ధతి) వచ్చు.

యూట్యూబ్‌లో చూస్తే ఒకడు బార్ కార్డ్స్ (ఒకే వేలుతో చాలా తీగలు నొక్కేవి) అంటాడు, ఒకడు ఫింగర్ పికింగ్ (తీగల్ని వేళ్ళతో విడివిడిగా మీటడం) అంటాడు, ఇంకొకడు మ్యూజిక్ థియరీ లేకపోతే ఎందుకూ పనికిరావు అంటాడు. హవాయి యుకులేలే కళాకారుడు జేక్ షిమబుకురో 2006 నాటి ఆ సెంట్రల్ పార్క్ వీడియో చూశాక అసలు ఆ చేతిలో ఉన్నదీ నా చేతిలో ఉన్నదీ ఒకటేనా అని డౌట్ వచ్చింది. బిగినర్ నుంచి ఇంటర్మీడియట్, అక్కడ్నుంచి అడ్వాన్స్‌డ్ అంటే నిజంగా ఏమేం రావాలి, ఏది ముందు ఏది తర్వాత? క్లాస్‌లో చేరాలా? టెనర్ (కన్సర్ట్ కన్నా పెద్ద సైజు) కొంటే ఏమైనా మారుతుందా? ఈ (E) మేజర్ కార్డ్ ఒకటి ఉంది చూడండి, 4442 (జి, సి, ఈ, ఏ తీగల మీద వరసగా నొక్కాల్సిన ఫ్రెట్, అంటే మెడ మీద గడి నంబర్లు), అది మాత్రం ఈ జన్మలో వచ్చేలా లేదు.

తీగలరాజు:

బ్రో, నీ రూమ్మేట్ నీకు ఫీజు తీసుకోకుండా పాఠం చెప్పాడు. నీ ప్రాబ్లమ్ ఎడమ చెయ్యి కాదు, కుడి చెయ్యి. అందరూ ఇక్కడే ఆగుతారు, ఆగి ఇంకో ఇరవై కార్డ్స్ నేర్చుకుంటారు, అవి కూడా అదే స్ట్రమ్‌తో వాయిస్తారు, మళ్ళీ ఒకేలా ఉంటుంది. కొత్త కార్డ్స్ కొన్నాళ్ళు పక్కన పెట్టు.

నువ్వు వాయించేది డౌన్ డౌన్ అప్ అప్ డౌన్ అప్ అనుకుంటా, అందరికీ మొదట వచ్చేది అదే. అందులో అసలు సంగతి ఏంటంటే చెయ్యి ఎక్కడా ఆగకూడదు, నాలుగు బీట్స్‌కి నాలుగు సార్లు కిందకి నాలుగు సార్లు పైకి ఊగుతూనే ఉండాలి, మూడో బీట్ మీద మాత్రం చెయ్యి కిందకి వస్తుంది కానీ తీగల్ని తాకదు. చాలామంది అక్కడ చెయ్యి ఆపేసి మళ్ళీ మొదలుపెడతారు, అందుకే ఆ కుదుపు. ఇది అర్థమైతే ప్యాటర్న్స్ బట్టీ పట్టక్కర్లేదు, చెయ్యి ఊగుతుంటే ఎక్కడ తాకాలి ఎక్కడ వదిలెయ్యాలి అన్నదే ప్యాటర్న్.

తర్వాత బలం. ఒకే ప్యాటర్న్‌లో 2, 4 బీట్స్ గట్టిగా, మిగతావి మెల్లగా కొట్టి చూడు, పాట మారిపోతుంది. పల్లవికి ఒక సౌండ్, చరణంలో సగం సౌండ్. ఇది ఎవరూ ఎక్సర్‌సైజ్‌లా చెయ్యరు, చెయ్యాలి. అది కుదిరాక చంక్, అంటే డౌన్ కొడుతూనే అరచేతి అంచుతో తీగల్ని మూసెయ్యడం, "చక్" అని డ్రమ్ముల స్నేర్ లాగా వస్తుంది. 2, 4 మీద చంక్ పెడితే మీ రూమ్మేట్ తలుపు దగ్గర నిలబడి వింటాడు, నాది గ్యారంటీ.

మెట్రోనోమ్ (తాళం టిక్ టిక్ అని కొట్టేది) యాప్ పెట్టుకో, నిమిషానికి 60 క్లిక్‌ల దగ్గర మొదలుపెట్టు. స్పీడ్ గురించి ఇప్పుడే ఆలోచించకు, 60 దగ్గర సరిగ్గా వాయించడమే కష్టం, క్లిక్‌కీ క్లిక్‌కీ మధ్య అంత ఖాళీ ఉంటుంది కదా, అక్కడే మన టైమింగ్ ఎంత అడ్డదిడ్డమో బయటపడుతుంది.

ఇంక 4442 గురించి ఏడవకు. 1402 కూడా ఈ (E) మేజరే, కాస్త వేళ్ళు చాచాలి కానీ నొక్కొచ్చు. అదీ రాకపోతే పాటని ఒక ఫ్రెట్ పైకి జరిపి ఎఫ్‌లో పాడుకో, ఎవరూ పోలీస్ కంప్లైంట్ ఇవ్వరు.

సరళీస్వరం_చెన్నై:

నేను వేళచ్చేరిలో ఉంటానండి, చిన్నప్పుడు కర్ణాటక గాత్రం నేర్చుకుని మధ్యలో మానేసిన బ్యాచ్. తీగలరాజు గారు చెప్పింది కరెక్టే కానీ కార్డ్స్ మాత్రమే వాయించేవాళ్ళకి చెవి ఎదగదు, అది నా అభిప్రాయం. ఒక్కొక్క స్వరం ఎక్కడుందో తెలియకుండా అడ్వాన్స్‌డ్ అంటే కుదరదు.

మీ దగ్గర గాత్రం బుక్ ఉంటే సరళీ వరసలు యూక్ (యుకులేలే) మీద వాయించండి, నిజంగా చెప్తున్నా, ఈ వాయిద్యానికి అంత బాగా అమరుతాయి. సి తీగ ఖాళీగా మీటితే షడ్జమం అనుకోండి. అప్పుడు మాయామాళవగౌళ రాగం ఇలా వస్తుంది: సి తీగ ఖాళీగా స, ఒకటో ఫ్రెట్ రి, ఈ (E) తీగ ఖాళీగా గ, అదే తీగ ఒకటో ఫ్రెట్ మ, మూడో ఫ్రెట్ ప, నాలుగో ఫ్రెట్ ద, ఏ (A) తీగ రెండో ఫ్రెట్ ని, మూడో ఫ్రెట్ పై స. చెయ్యి జరపక్కర్లేదు, మొత్తం మొదటి నాలుగు ఫ్రెట్స్‌లోనే! మోహనం అయితే ఇంకా సుఖం, సి తీగ 0, 2, ఈ (E) తీగ 0, 3, ఏ (A) తీగ 0, 3, అంతే.

వాయించేటప్పుడు నోటితో స్వరం పాడండి, తప్పకుండా పాడండి, మనసులో కాదు. మెట్రోనోమ్ అదే స్పీడ్‌లో ఉంచి మొదటి కాలం క్లిక్‌కి ఒక స్వరం, రెండో కాలం రెండు, మూడో కాలం నాలుగు. మూడో కాలంలో మీకు తెలిసిపోతుంది ఏ వేలు సోమరిదో. నాకు ఉంగరం వేలు.

పాలకొల్లులో పుట్టిన మన యు. శ్రీనివాస్ గారు మాండొలిన్‌కి ఉన్న ఎనిమిది తీగల్ని ఐదు చేసి, ఎలక్ట్రిక్‌ది పెట్టుకుని, అంత చిన్న వాయిద్యం మీద గమకాలు పలికించారు. యూక్ నైలాన్ తీగ లాగితే స్వరం పెద్దగా కదలదు కాబట్టి మనకి ఉన్న దారి జారు, అంటే స్లయిడ్. ఒక ఫ్రెట్ నుంచి ఇంకోదానికి వేలు ఎత్తకుండా జరపడం. దానితో పాటు హ్యామర్ ఆన్, పుల్ ఆఫ్, అంటే కుడి చేత్తో మీటకుండా ఎడమ వేలితోనే స్వరం పుట్టించడం. సినిమా పాటల్లో ఇంట్రో బిట్స్ సగం ఇవే.

ఒక చిక్కు ఉంది. మామూలు ట్యూనింగ్‌లో జి తీగ పై స్థాయిలో ఉంటుంది కాబట్టి మీ అతి కింది స్వరం సి తీగే. స కన్నా కిందకి పాట దిగితే దారి లేదు. దానికోసమే కొందరు లో జి తీగ వేసుకుంటారు, అప్పుడు మంద్ర పంచమం దాకా దొరుకుతుంది.

కీబోర్డ్_తమ్ముడు:

నేను బెంగళూరులో ఒక తెలుగు చర్చిలో ఆదివారం కీబోర్డ్ వాయిస్తా, యూక్ ఇంట్లో మాత్రమే. అక్కా మీరు చెప్పింది బావుంది కానీ స్వరాలు మాత్రమే నేర్చుకుని కార్డ్స్ ఎందుకు మారుతున్నాయో తెలియనివాళ్ళని కూడా చూశా, పాట మొదలయ్యాక పాడేవాళ్ళు పిచ్ మార్చమంటే చేతులెత్తేస్తారు.

బాబు బ్రో, కార్డ్స్‌ని పేర్లతో కాదు, నంబర్లతో గుర్తుపెట్టుకో. నీ నాలుగు కార్డ్స్ సి స్కేల్‌లో 1, 6, 4, 5. అదే పాట ఎఫ్‌లో అయితే ఎఫ్, డి మైనర్, బి ఫ్లాట్, సి. జి లో అయితే జి, ఈ మైనర్, సి, డి. లేడీ సింగర్ వస్తే ఒకటి, మగాళ్ళకి ఒకటి, పిల్లలకి ఇంకొకటి, ప్రతివారం ఇదే పని మాకు. ఈ మూడు స్కేల్స్‌లో నంబర్ చెప్పగానే చెయ్యి వెళ్ళాలి. ఇది వస్తే ఇంటర్మీడియట్ అనేసుకో, ఎవరు ఒప్పుకోకపోయినా.

చెవి ప్రాక్టీస్ అంటే ఇలా చెయ్యి: తెలిసిన పాట పెట్టుకో, స్క్రీన్ మీద కార్డ్స్ చూడకు, ముందు బేస్ గిటార్ మాత్రమే విను, ఎప్పుడు మారిందో పట్టుకో. మారింది అని తెలిస్తే చాలు మొదట్లో, ఏ కార్డ్‌కి మారిందో తర్వాత. సగానికి పైగా పాటల్లో అది 1, 4, 5, 6 లో ఏదో ఒకటి అవుతుంది కాబట్టి నాలుగు సార్లు గెస్ చేస్తే దొరికిపోతుంది.

మారతహళ్ళి_పీజీ_బాబు:

థాంక్స్ అందరికీ, ఇన్ని వస్తాయి అనుకోలేదు. అక్కా మోహనం వాయించా, వచ్చేసింది, రూమ్మేట్ కూడా ఇది ఏదో పాటలా ఉంది అన్నాడు!! బి ఫ్లాట్ మాత్రం చచ్చిపోతున్నా, చూపుడు వేలుతో రెండు తీగలు నొక్కితే ఒకటి మోగట్లేదు. ఇంకోటి, మన మెలోడీ పాటలు చాలావాటికి నా స్ట్రమ్ అస్సలు సెట్ అవ్వట్లేదు, ఒక బీట్ ఎక్కువో తక్కువో అవుతోంది, ఎందుకు? టెనర్ సంగతి ఎవరూ చెప్పలేదు.

తీగలరాజు:

బీట్ సెట్ అవ్వట్లేదంటే అది తిశ్రం బ్రో, 6/8. తకిట తకిట అని నోటితో అంటూ డౌన్ డౌన్ అప్, డౌన్ డౌన్ అప్, ప్రతి "త" మీద కాస్త గట్టిగా. నాలుగు బీట్ల స్ట్రమ్ దాని మీద ఎంత రుద్దినా అతకదు. ముందు పాట పెట్టుకుని చప్పట్లు కొట్టి చూడు, మూడు మూడుగా విడిపోతుందో రెండు రెండుగా విడిపోతుందో, తర్వాతే యూక్ పట్టుకో.

బి ఫ్లాట్ 3211 అంటే ఏ (A) మేజర్ 2100 ని ఒక ఫ్రెట్ జరిపి, ఖాళీ తీగల స్థానంలో చూపుడు వేలు పడుకోబెట్టడమే. ఇది ఒక్కటి అర్థం చేసుకుంటే బార్ కార్డ్స్ మొత్తం అయిపోయినట్టే. అదే షేప్‌ని 5433 దాకా తీసుకెళ్తే సి అవుతుంది. జి షేప్‌ని జరిపి 5787 వాయిస్తే మళ్ళీ సి యే. ఒకే కార్డ్ మూడు చోట్ల, మూడు రకాల సౌండ్. పల్లవి కింద వాయించి రెండోసారి వచ్చినప్పుడు పైన వాయిస్తే వినేవాడికి తేడా తెలుస్తుంది. వేలు మోగట్లేదంటే బలం చాలక కాదు, వేలుని ఫ్రెట్ కడ్డీకి ఆనుకునేలా జరుపు, కాస్త పక్కకి దొర్లించి ఎముక వైపు తగిలేలా పెట్టు, బొటనవేలు మెడ వెనక మధ్యలో ఉండాలి. అయినా మొదటి ఫ్రెట్ దగ్గర మరీ గట్టిగా ఉంటే నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర తీగలు ఎత్తుగా ఉన్నాయేమో రిపేర్ షాప్‌లో చూపించు, చవక వాటిలో ఇది మామూలే, ఫైల్‌తో కాస్త అరగదీస్తే బి ఫ్లాట్ సగం సులువు అవుతుంది. 12వ ఫ్రెట్ దగ్గర నొక్కి మీటిన స్వరం, ఖాళీ తీగ స్వరం పై స్థాయిలో ఒకటే రావాలి, ట్యూనర్ పెట్టి చెక్ చేసుకో. తేడా ఎక్కువ ఉంటే నీ చెవిని నువ్వు అనుమానించక్కర్లేదు.

అడ్వాన్స్‌డ్ అని నేను దేన్ని అంటానంటే, పాడకుండా యూక్ ఒక్కటే వాయించినా వినేవాడు పాట గుర్తుపట్టాలి. కార్డ్ మెలొడీ అంటారు, పాట స్వరాలు ఏ (A) తీగ, ఈ (E) తీగ మీద, కింద కార్డ్. అక్కగారు చెప్పిన స్వరాలు, తమ్ముడు చెప్పిన నంబర్లు, నేను చెప్పిన కుడి చెయ్యి, మూడూ కలిస్తేనే అది వస్తుంది కాబట్టి అందరం కరెక్టే, గొడవ లేదు. పికింగ్ దీనికి ముందు కావాలి: బొటనవేలు జి, సి తీగలకి, చూపుడు వేలు ఈ (E) కి, మధ్య వేలు ఏ (A) కి. పాట వాయించకుండా ఒక్క సి కార్డ్ పట్టుకుని వేళ్ళు మాత్రమే కదపడం ప్రాక్టీస్ చెయ్యి, పీజీలో రాత్రి పూట చెయ్యడానికి కూడా బెస్ట్, సౌండ్ పెద్దగా రాదు.

లో జి గురించి మాత్రం అక్కతో నాది వేరే మాట. పై స్థాయిలో ఉన్న జి తీగే యూక్‌కి ఆ గలగలమనే సౌండ్ ఇచ్చేది. క్యాంపనెల్లా అని ఒక స్టైల్ ఉంది, వరసగా వచ్చే స్వరాల్ని ఒక్కొక్కటి ఒక్కో తీగ మీద వాయించి అన్నీ ఒకదానిమీద ఒకటి మోగేలా వదిలేస్తారు, జాన్ కింగ్ అనే ఆయన బాఖ్ సంగీతం ఇలాగే వాయించాడు. లో జి వేస్తే ఆ అందం పోతుంది. తొందరపడి మార్చకు.

సరళీస్వరం_చెన్నై:

మార్చమని నేను అనలేదండీ, ఉంది అన్నాను :) టెనర్ ఇప్పుడు వద్దు బాబు. స్కేల్ పొడవు (మోగే తీగ పొడవు) కన్సర్ట్‌కి 15 అంగుళాలు, టెనర్‌కి 17 దాకా ఉంటుంది, ట్యూనింగ్ అదే. పై ఫ్రెట్స్‌లో వేళ్ళు ఇరుక్కుంటున్నాయి అనిపించినప్పుడు చూసుకోవచ్చు. అప్పుడు సాలిడ్ ఉడ్ కొంటే తేమ సంగతి చూసుకోవాలి, 45 నుంచి 55 శాతం మధ్య ఉంచమంటారు, మా చెన్నైలో బయట ఉప్పు గాలి లోపల ఏసీ, చెక్క పాపం ఎటు తిరగాలో తెలియక వంకర పోతుంది. మీ లామినేట్‌కి ఆ బాధ తక్కువ, కానీ ఎండలో కారులో మాత్రం వదలకండి. క్లాస్ అంటారా, పక్కన కూర్చుని మీ చెయ్యి చూసి చెప్పే మనిషి ఉంటే చేరండి, యాభై మందిని కూర్చోబెట్టి పాటలు నేర్పే చోటైతే యూట్యూబ్ చాలు.

కీబోర్డ్_తమ్ముడు:

క్లాస్ కన్నా ఇంకో మనిషితో కలిసి వాయించు బ్రో. ఒంటరిగా ఉన్నప్పుడు కార్డ్ మిస్ అయితే ఆగి మళ్ళీ మొదలుపెడతాం, పక్కన ఒకరు పాడుతుంటే ఆగడానికి ఉండదు, మిస్ అయినా చెయ్యి ఊగుతూనే ఉండాలి, తర్వాతి కార్డ్ దగ్గర కలుసుకోవాలి. ఆ స్కిల్ ఇంకెక్కడా రాదు. రూమ్మేట్ పాడతాడా?

మారతహళ్ళి_పీజీ_బాబు:

పాడతాడు, పిచ్ ఉండదు.

కీబోర్డ్_తమ్ముడు:

ఇంకా మంచిది, ట్రాన్స్‌పోజింగ్ (పాటని వేరే పిచ్‌కి మార్చడం) ఫ్రీగా వచ్చేస్తుంది.