తాలూకా, తాలూకు రెండూ ఒకటేనా? అరబీ తెల్సినోళ్ళు చెప్పండి

దెగ్లూర్_చేను:
అందరికీ నమస్తే. మాది దెగ్లూర్ దగ్గర పల్లె, ఇంట్ల తెలుగు, బడి మొత్తం మరాఠీల. మొన్న సాత్‌బారా (మా మహారాష్ట్రల భూమి రికార్డు) పని మీద మా తాత పెట్టె తీస్తే నిజాం కాలం నాటి ఉర్దూ కాగితం ఒకటి దొరికింది, మౌల్వీ సాబ్‌తోని చదివిపిస్తే "తఅల్లుఖా దెగ్లూర్" అని ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూపిచ్చిండు. పక్కనే కూసున్న మా నాయనమ్మ "గా నల్లరేగడి చేను మా నాయిన తాలూకుదిరా" అన్నది. అప్పుడు తట్టింది నాకు, ఈ తాలూకా ఆ తాలూకు ఒక్కటేనా? ఇన్నేండ్లు తాలూకు అచ్చ తెలుగే అనుకున్న. అరబీల ఒక్క ధాతువుకెళ్ళి బోలెడు మాటలు పుడ్తయంటరు కదా, దీని కత ఏంది?

జుక్కల్_పోరడు:
ఒక్కటే అన్నా. మా జుక్కల్, బిచ్కుంద కూడా ఒకప్పుడు మీ దెగ్లూర్ తాలూకానే, 1956ల రాష్ట్రాలు మార్చినప్పుడు మేము నిజామాబాద్ జిల్లాకి వచ్చినం, మీరు బొంబాయి రాష్ట్రంలకి పోయిండ్రు. తలాక్ కూడా దీంట్లకెళ్ళే వచ్చిందనుకుంటా, వినడానికి ఒక్కతీరే ఉంటది.

ధర్మాబాద్_ఉర్దూ_సార్:
తలాక్ కాదు తమ్మీ. దాంట్ల మొదటి అక్షరం తోయ్, తోయ్-లామ్-ఖాఫ్ అంటే విడిచిపెట్టుడు. తాలూకాల ఉన్నది ఐన్-లామ్-ఖాఫ్, తగులుకొనుడు, వేలాడుడు. ఒకటి విడిచేది ఒకటి పట్టుకునేది, పూరా ఉల్టా. ముందలున్న "త" ధాతువుది కాదు, మాట తయారైనప్పుడు చేరింది. ఐన్ మన నోటికి తిరగదు గనక తఅల్లుఖ్ అన్నది మన దగ్గర తాలూకు అయింది.

తఅల్లుఖ్ అంటే సంబంధం. ఒక కచేరీకి తగులుకొని ఉన్న ఊర్లు తాలూకా. ఇలాకా కూడా గదే, మరాఠీల ముంబై ఇలాఖా అంటే పాత బొంబాయి ప్రెసిడెన్సీ. నిజాం సర్కార్ల జిల్లా పెద్దని అవ్వల్ తాలూక్‌దార్ అనేటోళ్ళు, ఇప్పటి కలెక్టర్ అన్నట్టు. ఉర్దూల "దీనికి ముతఅల్లిఖ్" అంటం చూడండి, మీ నాయనమ్మ నోట్ల తాలూకు అచ్చం గా పనే చేస్తున్నది.

అరబీల అలఖ్ అంటే జలగ, గడ్డకట్టిన నెత్తురు కూడా. ఖుర్ఆన్‌ల 96వ సూరా పేరు అల్-అలఖ్. బట్టకి తగులుకుంటే ఊడని ముళ్ళపొద ఉల్లైఖ్, గుర్రాలకేసే దాణా అలీఖ్, ఇస్లాంకి ముందటి అరబ్బుల గొప్ప పద్యాలు ముఅల్లఖాత్, అంటే వేలాడదీసినవి, కాబాకి వేలాడదీసిండ్రని పాతకాలంకెళ్ళి చెప్పుకుంటరు. నాకైతే జలగ దగ్గరనే మొత్తం సమజైతది. నాట్లప్పుడు మడిల దిగితే పిక్కకి పడ్తది, గుంజితే సాగుతది గాని రాదు, ఉప్పు చల్లాలె. గా పట్టే ఈ ధాతువు.

కిన్వట్_కువైట్:
నేను కువైట్‌ల లాండ్రీల ఆరేండ్లు చేసిన. చొక్కా తగిలించే హ్యాంగర్‌ని అల్లాగా అనేటోళ్ళు, రోజు వింటుంటి. గది గిదేనా సార్?

ధర్మాబాద్_ఉర్దూ_సార్:
గదే. అటు దిక్కు ఖాఫ్‌ని గ అని పలుకుతరు.

దెగ్లూర్_చేను:
సార్, చాలా షుక్రియా. మరి మన అలక? అది కూడా పట్టుకుంటే వదలదు.

ధర్మాబాద్_ఉర్దూ_సార్:
అది మనదే, అలుగుడుకెళ్ళి వచ్చింది. శబ్దం కలిస్తే ధాతువు కలిసినట్టు కాదు, గందుకే తలాక్ కాడ అంత గట్టిగ చెప్పిన. ఇంకోటి, నీ కాగితంల మాటలు ఏటవాలుగ కిందికి జారినట్టు ఉన్నయా? ఉంటే అది నస్తలీఖ్ అనే రాత తీరు, నస్ఖ్, తలీఖ్ అనే రెండు రాత తీర్లు కలిసిన పేరు. గా తలీఖ్‌ల కూడా ఐన్-లామ్-ఖాఫే.

దెగ్లూర్_చేను:
ఉన్నయి సార్, ప్రతి మాట కుడిదిక్కు పైన మొదలై ఎడమకి దిగుతున్నది. ఇప్పుడే మళ్ళ మౌల్వీ సాబ్ దగ్గరికి పోయొచ్చిన. కింద మూలకి ఎర్ర సిరాతోని ముఅల్లఖ్ అని రాసి ఉన్నదంట, పెండింగ్ అని. పొద్దున ఆన్‌లైన్‌ల మా ఫేర్‌ఫార్ (భూమి రికార్డుల పేరు మార్పు) చూస్తే ప్రలంబిత్ అని చూపిచ్చింది, మరాఠీల అది కూడా వేలాడుడే.