లోపాలున్న సంఘంలో ఎందుకు నిలిచి ఉండాలి?

ప్రశ్న: కానుకల లెక్క అడిగిన ఒక వృద్ధురాలిని మా క్రైస్తవ సంఘ పెద్దలు అందరి ఎదుట గద్దించినప్పుడు, ఆమె చేతిలోని పాటల పుస్తకం వణకడం చూశాను. నాటి నుండి ప్రభువు బల్లను, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారాన్ని, సమీపించలేకపోతున్నాను. విశ్వాసం పోలేదు, సంఘంలో ఎందుకు ఉండాలో మాత్రం తెలియడం లేదు.

జవాబు 1: కొరింథు సంఘంలో కక్షలు, వ్యాజ్యాలు ఉండేవి, ప్రభువు బల్ల దగ్గరే కొందరు మత్తులో ఉండగా పేదలు ఆకలితో మిగిలేవారు. అయినా వారికి లేఖ రాసిన అపొస్తలుడు పౌలు వారిని దేవుని సంఘమనే పిలిచి, తప్పులను దాచకుండా ఎత్తి చూపాడు. నిలిచి ఉండడమంటే నోరు మూసుకోవడం కాదండీ.

జవాబు 2: యేసు ఉపమానంలోని గోధుమలు, గురుగుల్లాగే (కలుపు మొక్కలు) సంఘంలో మంచివారు, చెడ్డవారు కోతవరకు, అంటే చివరి తీర్పువరకు, కలిసే ఉంటారని క్రీ.శ. 411లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ సభలో బిషప్ అగస్టీను, సంఘం పవిత్రులదే కావాలని విడిపోయిన దోనాతిస్టులతో వాదించాడు. నిజమే, కానీ ఆ మాటను అన్యాయానికి ముసుగు చేయకూడదు. ఆ వృద్ధురాలు ఇంకా ఆరాధనకు వస్తున్నారా?

ప్రశ్న అడిగినవారు: వస్తున్నారు, చివరి వరుసలో ఒంటరిగా కూర్చుంటున్నారు. ఈ ఆదివారం ఆమె పక్కన కూర్చుని, ఆరాధన తర్వాత ఆ లెక్క నేనే అడుగుతాను.