రెయిడ్‌లో ఒక డిస్కు జారిపోయింది: కొత్తది కొనాలా, తీగ మార్చాలా?

నరసాపురం నుంచి ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది పెళ్లి ఫోటోలు, వీడియోలు తీసే చిన్న స్టూడియో. పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసి, 4 టెరాబైట్ల డిస్కులు నాలుగింటిని రెయిడ్ 5గా, అంటే ఒక డిస్కు పోయినా ఫైళ్లు నిలిచేలా కలిపి కట్టుకున్నాము. ఫైళ్లు నెమ్మదిగా తెరుచుకుంటున్నాయని ఇవాళ చూస్తే, రెయిడ్ పరిస్థితి చూపే /ప్రాక్/ఎమ్‌డీస్టాట్‌లో [4/3] [యుయు_యు] అని, అంటే నాలుగింటిలో మూడే పనిచేస్తున్నాయని ఉంది. ఎస్‌డీడీ అనే డిస్కులోని ఎస్‌డీడీ1 పక్కన (ఎఫ్), అంటే విఫలమైందని కనిపిస్తోంది. వచ్చే వారం రెండు ఆల్బములు ఇవ్వాలి. కొత్త డిస్కు కోసం భీమవరం వెళ్లాలా?

రాజోలు నుంచి:
నాకూ ఒకసారి ఇలాగే అయింది. రెయిడ్‌ను నడిపే పనిముట్టు ఎమ్‌డీఏడీఎమ్‌తో, ఎమ్‌డీఏడీఎమ్ --క్రియేట్ అని మళ్లీ అదే పేరుతో కట్టేశాను, ఫైళ్లన్నీ ఉన్నాయి. ప్రయత్నించండి.

రాజమహేంద్రవరం నుంచి:
రాజోలు మిత్రులు ఏమీ అనుకోవద్దు, ఆ మాట మాత్రం వినకండి. --క్రియేట్‌లో డిస్కుల వరుస, ముక్క పరిమాణం, డేటా మొదలయ్యే చోటు, వీటిలో ఒక్కటి తేడా వచ్చినా లోపలి ఫైళ్లు చెత్తగా కనిపిస్తాయి. డేటా మొదలయ్యే చోటు ఆ పనిముట్టు వెర్షన్‌ను బట్టి కూడా మారుతుంది. మీకు కలిసొచ్చింది, ఈయనకు కలిసిరాకపోతే రెండు కుటుంబాలకు సమాధానం చెప్పుకోవాలి.

స్టూడియో వారికి: మీ ఫైళ్లు ప్రస్తుతానికి ఉన్నాయి. లేని డిస్కులోని భాగాన్ని మిగతా మూడింటి నుంచి లెక్కకట్టి తీస్తోంది కాబట్టే ఆ నెమ్మది. ఇంకొక డిస్కు పోతే లెక్కకు ఆధారమే ఉండదు. అందువల్ల దేన్నీ ముట్టుకోకముందే ఆ రెండు పెళ్లిళ్ల ఫైళ్లను బయటి డిస్కులోకి కాపీ చేయండి. మిగతాదంతా ఆ తర్వాతే.

ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమన్నట్టు, (ఎఫ్) కనిపించగానే డిస్కు చచ్చిపోయిందని అనుకోకూడదు. డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకున్న లెక్కలను అడగండి: స్మార్ట్‌సీటీఎల్ -ఎ /డెవ్/ఎస్‌డీడీ. వచ్చిన పట్టికలో 5, 197, 199 సంఖ్యల వరుసలు చూడండి. 5 అంటే పాడై పక్కకు తప్పించిన సెక్టార్లు, 197 అంటే చదవలేక వాయిదాలో పెట్టినవి, 199 అంటే డేటా తీగలో వెళ్లేటప్పుడు వచ్చిన తప్పులు. 5, 197 పెరుగుతుంటే భీమవరం వెళ్లండి. అవి సున్నాగా ఉండి 199 మాత్రమే పెరిగితే అనుమానం డిస్కు మీద కాదు, తీగ మీద. ఆ తర్వాత ఎమ్‌డీఏడీఎమ్ --ఎగ్జామిన్ /డెవ్/ఎస్‌డీడీ1 కొట్టి అప్‌డేట్ టైమ్ ఏ తేదీ చూపిస్తుందో చెప్పండి. అది ఎప్పుడు జారిపోయిందో ఆ తేదీయే చెబుతుంది.

నరసాపురం నుంచి:
కాపీ అయింది. 5, 197 రెండూ సున్నా. 199 దగ్గర 41. తేదీ చూసి గుండె ఆగినంత పనైంది, 19 రోజుల కిందటిది! ఆ రోజు బూజు దులుపుతూ, నడుస్తున్న కంప్యూటర్‌ను పక్కకు జరిపాము. అప్పటి నుంచి మూడు డిస్కుల మీదే నడుస్తోందన్నమాట.

రాజమహేంద్రవరం నుంచి:
అయితే తీగే. ఆపే ముందు ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఓ నేమ్,సీరియల్ కొట్టి, ఎస్‌డీడీ సీరియల్ సంఖ్యను కాగితం మీద రాసుకోండి. పెట్టె తెరిచాక ఆ సంఖ్య ఉన్న డిస్కునే ముట్టుకోండి. ఎస్‌డీడీ అనే పేరు మళ్లీ ఆన్ చేశాక మారిపోవచ్చు, సీరియల్ మారదు. పొరపాటున పక్క డిస్కును పీకి ఏడ్చినవారిని చూశాను. తీగ మార్చి ఆన్ చేశాక, పేరు మారకపోతే ఎమ్‌డీఏడీఎమ్ /డెవ్/ఎమ్‌డీ0 --రీ-యాడ్ /డెవ్/ఎస్‌డీడీ1 కొట్టండి (ఎమ్‌డీ0 అంటే మీ రెయిడ్ పేరు). ఎమ్‌డీస్టాట్‌లో బిట్‌మ్యాప్ (ఏ భాగాలు మారాయో గుర్తుపెట్టుకునే పట్టిక) అనే వరుస ఉంటే ఈ 19 రోజుల్లో మారిన భాగాలను మాత్రమే రాస్తుంది. లేకపోతే --యాడ్ చేసి మొత్తం 4 టెరాబైట్లూ రాయించాలి. సెకనుకు 120 మెగాబైట్ల చొప్పున తొమ్మిది గంటలు దాటుతుంది. యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకండి.

అమలాపురం నుంచి:
మధ్యలో వస్తున్నాను. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో కరెంటు తీగ మొన కూడా చూసుకోవాలి. మా దగ్గర రెండేళ్లకే పచ్చగా చిలుము పట్టింది. ఎప్పుడైనా కొత్త డిస్కు కొనవలసి వస్తే ఎస్‌ఎమ్‌ఆర్ రకం కాదని రూఢి చేసుకోండి. ట్రాకుల మీద ట్రాకులు పరిచి రాసే ఆ డిస్కులు రెయిడ్‌లో మళ్లీ రాసేటప్పుడు ప్రాణం తీస్తాయి.

నరసాపురం నుంచి:
అమలాపురం గారు చెప్పినట్టే ఉంది. డేటా తీగ సగం ఊడి వేలాడుతోంది, కరెంటు మొన మీద సన్నగా పచ్చ మచ్చలు. రెండూ మార్చాను. పేరు నిజంగానే ఎస్‌డీఈ అయింది, కాగితం లేకపోతే ఏమయ్యేదో. బిట్‌మ్యాప్ ఉంది, 40 నిమిషాల్లో [యుయుయుయు] వచ్చింది. 199 ఇంకా 41 దగ్గరే ఉంది, సున్నా కాలేదే?

రాజమహేంద్రవరం నుంచి:
అది తగ్గదు, పెరగకపోతే చాలు. ఈసారి 19 రోజులు ఆగకుండా /ఈటీసీ/ఎమ్‌డీఏడీఎమ్/ఎమ్‌డీఏడీఎమ్.కాన్ఫ్‌లో మెయిల్‌అడ్ర్ వరుసలో మీ చిరునామా రాసి, ఎమ్‌డీఏడీఎమ్ --మానిటర్ --స్కాన్ --వన్‌షాట్ --టెస్ట్ కొట్టండి. ఉత్తరం రాకపోతే ఆ కంప్యూటర్‌లో మెయిల్ పంపే ప్రోగ్రామ్ లేదన్నమాట, దాన్ని ముందు పెట్టుకోవాలి.

రాజోలు నుంచి:
నా పై సలహాను చెరపడం లేదు. కింద దిద్దుబాటు ఉందని చేర్చాను. మా ఇంట్లోని పెట్టెలో 199 ఎంత ఉందో ఇప్పుడే చూస్తున్నాను.