సమస్య: వంక లేని దారి వంకలయ్యె

నిర్వాహకుడు: రాత్రంతా ఫ్రాన్సులో జరిగే లె మాన్ 24 గంటల కార్ల రేసు చూసి, నిద్రమత్తులో తట్టిన పాదమిది. ఆ ట్రాక్‌లోని పొడవాటి తిన్నని దారి మల్సాన్ స్ట్రెయిట్ మీదే పూరించాలి. రాజకీయాల్లోకి లాగితే తీసేస్తా.

పెన్నాతీరం:
ఆరు వేల మీటరంత సూటిగ సాగె;
నాలుగొందలైదు నాడు తాకె;
చట్టమొకటి వచ్చి సరిగ తొంబదియందు
వంక లేని దారి వంకలయ్యె.

(1988లో ప్యూజో ఇంజను బండితో డ్రైవరు రోజే దోర్షి గంటకు 405 కి.మీ. అందుకున్న చోటు. 2 కి.మీ. మించి తిన్నని దారి ఉండకూడదని కారు రేసుల నియంత్రణ సంస్థ ఫీసా అనడంతో 1990లో రెండు షికేన్లు (వేగం తగ్గించే వంకర మలుపులు) పెట్టారు.)

గోదారిగట్టు: రెండో పాదం భేష్. ఆ "సరిగ" ఎందుకండీ? యతి పిలిస్తే వచ్చి కూర్చుంది. పోయినవారం పెసరట్టు పూరణలో "చక్కగ", ఇప్పుడు "సరిగ".

పెన్నాతీరం: పెసరట్టు గొడవ ఇక్కడెందుకు? తమరిది పెట్టండి, చూద్దాం.

గోదారిగట్టు:
రేయి పగలు సాగు రేసులో నడిరేయి
మబ్బు కమ్ముకొనగ, మంచు కురియ,
కంటి ముందు లైటు కాంతిలోఁ గన, నెల
వంక లేని దారి వంకలయ్యె.

గణాలగంప: ఆహా! "నెల"ని పైనే వదిలి కిందికి జారిపోయారు. జోహార్లు.

పెన్నాతీరం: విరుపు బాగుంది, కాదనను. జూన్‌లో మంచు కురిపించారే!

గోదారిగట్టు: పొగమంచు లెండి.

పెన్నాతీరం: పొగమంచు కమ్ముతుంది, కురవదు. కమ్మే పని మబ్బుకిచ్చేశారు.

కొత్తకలం: నాదొక్క పాదమే కుదిరింది: "గాలి సందులెల్ల టేపు గట్టి". ఆ 405 కోసం దోర్షి జట్టు ఇంజనుకి గాలి వెళ్ళే సందులు మూసేసిందిగా. బండి చివరిదాకా నిలవలేదు.

గణాలగంప: "గా"కీ "టే"కీ ఏం చుట్టరికం బాబూ? అటుదిటు చెయ్యి: "గాలి సందులెల్ల గట్టి టేపు". అయిపోయింది.

గోదారిగట్టు: అసలు రాడార్‌లో పడింది 407 అనీ, కొత్త ప్యూజో 405 కారు ప్రచారం కోసం 405 అన్నారనీ చెబుతారు. "నాలుగొందలేడు" అన్నా గణాలకి ఢోకా లేదు. పెన్నాతీరం గారు కంపెనీ ప్రకటన రాసిపెట్టారు.

పెన్నాతీరం: రికార్డుల్లో ఉన్నది 405. అది సరే, వంక లేదని ఎవరన్నారు? మల్సాన్ మలుపుకి ముందు కుడికి చిన్న వంపుంది. మామూలు రోజుల్లో అదే రోడ్డు మీద టూర్ నగరం వైపు వెళ్ళే లారీలకి తెలియదు గానీ, 350 మీద వచ్చేవాడికి గుండె జారుతుంది.

నిర్వాహకుడు: పాదం మార్చను. ఆ వంపు మీద పద్యం రాస్తే మాత్రం వేస్తాను.