దుప్పట్లకు బదులు డబ్బే ఇద్దామా?

గుణుపురం వాసి:
మా తెలుగు సంఘం ఏటా చలికాలంలో కొండ ఊళ్లలో దుప్పట్లు పంచుతోంది. ఈసారి పోగైన 60,000 రూపాయలను 30 పేద కుటుంబాలకు తలా రెండు వేల చొప్పున నేరుగా ఇచ్చేద్దామని కొందరు, అవి సారా కొట్టుకే పోతాయని మరికొందరు పట్టుబడుతున్నారు. పెద్దలు అభిప్రాయం తెలుపగలరు.

పర్లాకిమిడి నివాసి:
డబ్బే ఇవ్వండి. కిందటేడు మేము ఒక సవర గూడేనికి వెళ్లినప్పుడు ఒక ముసలమ్మ ఇంట్లో దండెం మీద మడత విప్పని కొత్త దుప్పట్లు అప్పటికే మూడున్నాయి. మేమిచ్చిన నాలుగోదాన్ని ఆవిడ కాదనకుండా తీసుకుంది. మేము 400 పెట్టి కొన్న ఆ దుప్పటిని తరువాతి సంతలో 150కి అమ్మి మోకాళ్ల నొప్పులకు మందు కొనుక్కుందని ఆనక తెలిసింది. (దుప్పట్లు పంచితే ఫొటో బాగా వస్తుందన్న మాట వేరే చెప్పాలా?) ఇక సారా సంగతి. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు 2014లో 19 అధ్యయనాలను కలిపి పరిశీలిస్తే, నగదు అందుకున్నవారు మద్యం, పొగాకు మీద ఖర్చు పెంచిన దాఖలా కనబడలేదు. కెన్యాలోని సియాయా ప్రాంతంలో గివ్‌డైరెక్ట్‌లీ సంస్థ పదివేలకు పైగా కుటుంబాలకు తలా సుమారు వెయ్యి డాలర్లు ఇచ్చినప్పుడు, ఇచ్చిన ప్రతి డాలరుకూ స్థానిక ఆర్థిక వ్యవస్థ దాదాపు రెండున్నర డాలర్ల మేర పెరిగింది. ధరలు మాత్రం పెరిగీ పెరగనట్టే పెరిగాయి.

రాయగడ నుంచి ఒకరు:
నగదు మంచిదనడం వేరు, అన్నిటికన్నా మంచిదనడం వేరు. మన ఒడిశాలో 2017లో కోటికి పైగా మందు పూసిన దోమతెరలు పంచి, మారుమూల ఊళ్లలో శిబిరాలు పెట్టి జ్వరం లేనివారికి సైతం మలేరియా పరీక్షలు చేశారు. ఆ ఏడాది 3,47,000 దాటిన కేసులు మరుసటి ఏటికి 66,000 చిల్లరకు దిగాయి. ఆ సొమ్మునే తలా కొంత పంచి ఉంటే ఊరంతా తెరలు కొనుక్కునేదా? ఒక ఇంట్లో తెర కడితే పక్కింటికీ మేలు జరుగుతుంది గనుక, ఎవరికి వారు కొనుక్కోవలసిన వస్తువు కాదది.

పర్లాకిమిడి నివాసి:
దోమతెరల విషయం ఒప్పుకుంటున్నాను. అయితే గుణుపురం వారి ఎదుట ఉన్నది తెరా, డబ్బా అన్న ప్రశ్న కాదు, దుప్పటా, డబ్బా అన్నది. ఇచ్చేదేదో సంతకు ముందురోజు చేతికే ఇవ్వండి. ఖాతాలో వేస్తే వేలిముద్రలు అరిగిపోయిన ముసలివాళ్లు ఆ రెండు వేల కోసం ఎన్నిసార్లు కొండ దిగాలో ఏమో.