కఠోర నాయిస్ ఆల్బమ్‌లు: వినడమా, ఓర్చుకోవడమా?

పాతక్యాసెట్:
మెర్జ్‌బౌ అనే పేరుతో టోక్యో కళాకారుడు మసామి అకితా 1996లో వెలువరించిన ‘పల్స్ డీమన్’ అనే నాయిస్ (మోతనే సంగీతంగా చేసే) ఆల్బమ్‌ను ఒక మిత్రుని పోరు పడలేక నిన్న రాత్రి మొదటి నుంచి చివరి దాకా విన్నాను. 70 నిమిషాలకు పైగా సాగే ఆ ఆల్బమ్‌లో రాగమూ తాళమూ మాటా నాకు వినిపించలేదు. రేకుల షెడ్డు మీద ఎవరో ఆపకుండా కంకర కుమ్మరిస్తున్నట్లు మాత్రం అనిపించింది. ఇటువంటివాటిని ఇష్టపడుతున్నామనేవారు ఇష్టపడుతున్నది సంగీతాన్ని కాదనీ, దానిని తట్టుకున్న తమ ఓర్పుననీ నా వాదన. నిప్పుల గుండం తొక్కి వచ్చినవారు తమ మొక్కు తీరిందంటారే గాని, నిప్పులు హాయిగా ఉన్నాయని అనరు కదా. కాదనేవారు కారణం చెప్పండి.

నూలుపోగు:
పాతక్యాసెట్ గారూ, తంబురాలో ఎవరూ మీటని గాంధారం వినిపిస్తుందని మీకు తెలిసే ఉంటుంది. తీగ కింద నూలుపోగు సరిగ్గా కుదిరినప్పుడు, కాసేపు కదలకుండా కూర్చున్నవారికే ఆ స్వయంభూ గాంధారం తెలుస్తుంది. తొందరపడేవారికి అది ఒకే మోతగా మిగిలిపోతుంది. నాయిస్ ఆల్బమ్‌లోనూ మొదటి పది నిమిషాలు గోడలా నిలబడిన శబ్దం, చెవి అలవాటుపడిన తరువాత పొరలు పొరలుగా విడిపోతుంది. నా చేత మళ్ళీ మళ్ళీ వినిపించేది ఆ విడిపోవడమే.

పాతక్యాసెట్:
పోలిక అందంగా ఉంది గాని నిలవదు. గాంధారం ఆ తీగ కంపనంలో నిజంగానే ఉన్న ఉపస్వరం (ఓవర్‌టోన్), ఎవరు కొలిచినా దొరుకుతుంది. షవర్ కింద నిలబడినప్పుడు ఫోను మోగినట్లు వినిపించడం మాత్రం మన మెదడు చేసే గారడీ. మీరు చెబుతున్న పొరలు ఈ రెండో జాతివి కావని ఎలా నమ్మాలి? గారడీయే అయితే, ఆ డబ్బు అకితాకు ఎందుకు, కుళాయి తిప్పుకుంటే చాలదా?

నూలుపోగు:
కుళాయి నీటిమోతకూ ఈ ఆల్బమ్‌కూ ఉన్న తేడాయే నా జవాబు. ఆ కాలంలో అకితా లోహపు ముక్కలకూ స్ప్రింగులకూ కాంటాక్ట్ మైకులు (వస్తువు కంపనాన్ని నేరుగా పట్టేవి) అంటించి, ఆ ధ్వనిని దాన్ని మార్చే పెడళ్ళ గుండా నడిపి, బయటికి వచ్చినదాన్నే తిరిగి లోపలికి మళ్ళించేవారు. అలా తన తోకను తానే మింగే ధ్వని ఒక దగ్గర నిలవదు. మీట వెంట్రుకవాసి కదిలితే చాలు, కీచుమనేది గర్జనగా మారుతుంది. ఆ మార్పుల వెనుక ఒక మనిషి చెయ్యి ఉంది, ఎప్పుడు తెగ్గొట్టాలో ఎప్పుడు సాగదీయాలో ఆ చెయ్యే నిర్ణయిస్తుంది. మార్పునే నిరాకరించి గంటల తరబడి ఒకే గోడను నిలబెట్టే ఫ్రాన్స్ కళాకారుడు వోమిర్ విషయంలోనైతే మీ అభ్యంతరాన్ని ఒప్పుకుంటాను; నేనూ ఆయనను వినలేకపోయాను.

ధ్వనిలెక్క:
ఈ తగవు 1975లో అమెరికన్ రాక్ గాయకుడు లూ రీడ్ ‘మెటల్ మెషీన్ మ్యూజిక్’ విడుదల చేసిన నాటి నుంచీ ఉంది. రెండు ఎల్‌పీల నిండా గిటార్ ఫీడ్‌బ్యాక్ తప్ప మరేమీ లేని ఆ ఆల్బమ్‌ను చాలామంది ఎగతాళి అనుకున్నారు. అయితే 2002లో బెర్లిన్‌లో జైట్‌క్రాట్సర్ అనే వాద్య బృందం దానిని స్వరలిపిగా రాసుకుని సాధారణ వాద్యాల మీద వాయించింది. లిపికి అందేది ఏదో అందులో ఉన్నదనే కదా అర్థం. అంతమాత్రాన అభిమానులను పూర్తిగా వెనకేసుకురాను. 2000లో వచ్చిన మెర్జ్‌బౌ సీడీల పెట్టె ‘మెర్జ్‌బాక్స్’లో 50 సీడీలు ఉన్నాయి, కొన్నవారిలో ఎందరు అన్నీ విన్నారో అని నాకూ అనుమానమే.

మరొక మాట: ఇది పెద్ద శబ్దంతో వింటేనే విన్నట్లు అనేవారి మాట పట్టించుకోకండి. 85 డెసిబెళ్ళ దగ్గర చెవికి హాని లేకుండా వినడానికి 8 గంటలు పరిమితి అనుకుంటే, ప్రతి 3 డెసిబెళ్ళకూ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెళ్ళ దగ్గర మిగిలేది 15 నిమిషాలే, అంటే ‘పల్స్ డీమన్’లో దాదాపు అయిదో వంతు.

పాతక్యాసెట్:
ధ్వనిలెక్క గారి లెక్క చూశాక, ఈ రోజు మాట్లాడుకునేంత శబ్దంలోనే పెట్టి మొదటి ట్రాక్ ఒక్కదాన్నే మూడుసార్లు విన్నాను. దాని పేరుకు అర్థం వడ్రంగి పిట్ట. మూడోసారి ఆ టకటక పట్టుబడిన మాట నిజం, అది నా మెదడు కల్పన కాదు. అయితే పట్టుబడినది నచ్చినట్లు కాదు. నూలుపోగు గారు మళ్ళీ మళ్ళీ వింటున్నామన్నారు; ఒకసారి పొరలు విడిపోవడం తెలిసిపోయాక పదోసారి దేనికోసం వింటున్నారో ఇంకా చెప్పలేదు.

నూలుపోగు:
పదోసారి పొరల కోసం వినను. తరువాత ఏది వస్తుందో తెలిసి కూడా, అది వచ్చేటప్పటికి ఉలిక్కిపడతాను. అది ఎందుకో నాకూ విడమరచి చెప్పడం రాదు.